నీళ్ళలోంచి తీసి మూడు గంటలు దాటింది, బాబుకు దగ్గు తగ్గడం లేదు

మియాపూర్ సంధ్య | శనివారం, రాత్రి 8:41

పిల్లల డాక్టర్లు, నర్సులు ఎవరైనా ఉంటే దయచేసి చూడండి. మా బాబుకు నాలుగున్నరేళ్ళు. సాయంత్రం ఐదున్నరకు మా అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్‌లో ఉన్నాడు. ఎవరిదో పుట్టినరోజు, పదిహేను మంది పిల్లలు నీళ్ళలో ఉన్నారు. నేను గట్టు మీదే ఉన్నాను. కేకు పెట్టె తెరవడానికి ఇటు తిరిగాను, అంతే. మళ్ళీ చూసేసరికి లోతు వైపు ఉన్నాడు. తల వెనక్కి వాలి ఉంది, నోరు ఒకసారి నీటి పైకి, ఒకసారి నీటి కిందికి. అరవలేదు, చెయ్యి ఊపలేదు. ఆడుకుంటున్నాడనే అనుకున్నాను. పక్క ఫ్లాటు అబ్బాయి దూకి పైకి తీశాడు. గట్టిగా దగ్గి, కొంచెం నీళ్ళు కక్కి, ఏడ్చాడు. పావుగంటలో మామూలైపోయి కేకు కూడా తిన్నాడు. కాస్త నీళ్ళు మింగాడు, ఏమీ కాదు అన్నారు అందరూ.

ఇంటికి వచ్చాక దగ్గు మళ్ళీ మొదలైంది. ఆగకుండా పొడిదగ్గు. ఏడున్నరకు ఒక వాంతి. ఇప్పుడు పడుకుంటానంటున్నాడు, మామూలుగా పదింటి లోపు నిద్రపోయే పిల్లవాడు కాదు. జ్వరం లేదు. అలసిపోయాడు, పడుకోనివ్వమని అత్తయ్య గారు అంటున్నారు. మా వారు ఊళ్ళో లేరు. పొద్దుటి వరకు ఆగి చూడవచ్చా?

వార్డు సిస్టర్ | రాత్రి 8:44

సంధ్య గారూ, పడుకోనివ్వకండి. చొక్కా విప్పి వెలుతురులో మీ ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. ఫోనులో ఒక నిమిషం పెట్టుకుని ఛాతీ ఎన్నిసార్లు పైకి లేస్తుందో లెక్కపెట్టండి. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయవద్దు, పూర్తి నిమిషం కావాలి. డొక్కలు ఎగరేస్తున్నాడా? ముక్కుపుటాలు అదురుతున్నాయా? కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటరు ఉంటే వేలు వెచ్చగా రుద్ది పెట్టండి. వెంటనే చెప్పండి.

మియాపూర్ సంధ్య | రాత్రి 8:49

52. మళ్ళీ లెక్కపెట్టాను, 50. డొక్కలు లోపలికి పోతున్నట్టే ఉన్నాయి. ఆక్సీమీటరు 91 చూపించింది, ఒకసారి 90. దాని బ్యాటరీ పాతది, అందుకేమో.

వార్డు సిస్టర్ | రాత్రి 8:50

బ్యాటరీ కాదమ్మా. ఇప్పుడే బయలుదేరండి. పిల్లల అత్యవసర విభాగం ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి, వీధి చివరి క్లినిక్‌కు కాదు. బండి మీద వద్దు. పక్కవాళ్ళ కారు గుమ్మంలో ఉంటే అందులో, లేకపోతే 108. బాబును కూర్చోబెట్టే తీసుకువెళ్ళండి, తినడానికీ తాగడానికీ ఏమీ ఇవ్వవద్దు. పెదవులు నీలంగా మారినా, పిలిస్తే పలకకపోయినా 108కే ఫోను చేయండి, దారిలో ఏం చేయాలో వాళ్ళు చెబుతారు. అక్కడ "నీళ్ళు మింగాడు" అనకండి. "ఐదున్నరకు నీట మునిగాడు, ఇప్పుడు ఊపిరి 52, ఆక్సిజన్ 90" అని అదే వరుసలో చెప్పండి. ఇక్కడ జవాబు రాయవద్దు. వెళ్ళండి.

మియాపూర్ సంధ్య | రాత్రి 8:51

వెళ్తున్నాం.

కొండాపూర్ కిరణ్ | రాత్రి 9:12

సంధ్య గారి బాబు క్షేమంగా ఉండాలి. ఇది చదివిన దగ్గరి నుంచి నా చేతులు వణుకుతున్నాయి. మా ఇద్దరు అమ్మాయిలు ఏప్రిల్ నుంచి వేసవి శిబిరంలో ఈత నేర్చుకుంటున్నారు. మొన్ననే మా బంధువుల వాట్సాప్ బృందంలో ఒక సందేశం వచ్చింది. ఈత కొట్టి వచ్చిన పిల్ల నవ్వుతూ ఆడుకుంటుందట, ఏ లక్షణమూ ఉండదట, మూడు రోజుల తర్వాత నిద్రలోనే ప్రాణం పోతుందట. దాన్ని "పొడి మునక" అంటారని రాశారు. ఇప్పుడు నేను రోజూ రాత్రి మేలుకుని కూర్చోవాలా? ఈత మాన్పించేయాలా? ఇంట్లో మా ఆవిడ రేపటి నుంచి పంపను అంటోంది.

మత్తు డాక్టరు | రాత్రి 9:40

కిరణ్ గారూ, నేను సైనిక్‌పురిలో ఉంటాను, ఆపరేషన్ థియేటర్లలో ముప్పై ఏళ్ళకు పైగా మత్తు ఇచ్చిన డాక్టరును. ఊపిరితిత్తులతోనే నా జీవితం గడిచింది. ఈ సందేశం నాకూ ఏటా మే నెలలో వస్తుంది, ప్రతిసారీ ఓపికగా జవాబు రాస్తాను. ఎందుకంటే అందులో సగం నిజం ఉంది, ఆ సగం చాలా ముఖ్యమైనది.

ముందు ఆ సగం. మన ఊపిరితిత్తుల చివర కోట్ల కొద్దీ చిన్న గాలి తిత్తులు ఉంటాయి. వాటి లోపలి గోడలు ఒకదానికొకటి అతుక్కుపోకుండా సబ్బు నురగ లాంటి పల్చని పూత ఉంటుంది. నీరు లోపలికి వెళితే ఆ పూత కొట్టుకుపోతుంది. తడిసిన పాలిథిన్ సంచి రెండు పొరలూ ఎలా అతుక్కుంటాయో, తిత్తులు అలా ముడుచుకుపోతాయి. వాటి చుట్టూ రక్తం తిరుగుతూనే ఉంటుంది, కానీ దానికి ప్రాణవాయువు అందదు. తిత్తుల గోడలు దెబ్బతిని రక్తంలోని ద్రవం లోపలికి ఊరుతుంది. ఇది అంతా ఒక్క క్షణంలో జరగదు, గంటలు పడుతుంది. అందుకే గట్టు మీద కేకు తిన్న పిల్లవాడు రాత్రి ఎనిమిదింటికి ఎగశ్వాసతో ఉండవచ్చు. ఇందుకు బకెట్ల కొద్దీ నీరు అక్కర్లేదు. కిలో బరువుకు ఒకటి నుంచి మూడు మిల్లీలీటర్లు చాలు. పదహారు కిలోల పిల్లవాడికి అది కొన్ని చెంచాల లెక్క.

ఇక అబద్ధం సగం. "ఏ లక్షణమూ ఉండదు, మూడు రోజుల తర్వాత హఠాత్తుగా" అన్నది. ఊపిరితిత్తులు దెబ్బతింటే అవి దాచుకోవు. దగ్గు, వేగంగా ఊపిరి, డొక్కలు ఎగరేయడం, నురగ, మగత, వాంతి, ఏదో ఒకటి బయటపెడతాయి. అదీ మొదటి కొన్ని గంటల్లోనే. అందుకే మునిగిన పిల్లలను ఆసుపత్రిలో ఆరు నుంచి ఎనిమిది గంటలు కనిపెట్టి చూస్తారు. ఆ సమయమంతా ఊపిరి, ఆక్సిజన్, ఛాతీ శబ్దం మామూలుగా ఉన్న పిల్లవాడిని ఇంటికి పంపిస్తారు. మీ అమ్మాయిలు ఈత కొట్టి, నీళ్ళలో ఏ ఇబ్బందీ పడకుండా బయటికి వచ్చి, అన్నం తిని నిద్రపోతే మీరూ నిద్రపోండి.

2002లో ఆమ్‌స్టర్‌డామ్‌లో నీట మునిగే ప్రమాదాల మీద ప్రపంచ సదస్సు జరిగింది. "పొడి మునక", "తడి మునక", "ఆలస్యపు మునక" లాంటి మాటలన్నీ వదిలేయాలని అక్కడి నిపుణులు తేల్చారు. నీటిలో ఊపిరికి ఆటంకం కలగడం మొదలైతే అదే మునక, ఫలితం మరణమా, గాయమా, క్షేమమా అన్నది తర్వాతి సంగతి అన్నారు. ఈ నిర్వచనం ప్రకారం ఈ సాయంత్రం ఐదున్నరకే సంధ్య గారి బాబు మునిగాడు. రాత్రి ఎనిమిదింటికి కొత్తగా ఏదీ రాలేదు, అప్పుడు మొదలైనదే పెరుగుతూ వచ్చింది.

నాచారం భారతి | రాత్రి 10:05

డాక్టరు గారూ, మీ అనుభవానికి నమస్కారం. కానీ "నిద్రపోండి" అన్న మాట నాకు మింగుడుపడలేదు. భయమే లేకపోతే మన జనం కదలరు. సంధ్య గారి అత్తగారు ఏమన్నారో చూశారు కదా. ఇంత పొడవైన వివరణలో జనానికి గుర్తుండేది "నిద్రపోండి" ఒక్కటే.

మా చెల్లెలి కొడుకును మేము పోగొట్టుకున్నాం. రెండేళ్ళ పిల్లవాడు. స్విమ్మింగ్ పూల్ కాదు, ఇంటి సంపు. నీళ్ళ ట్యాంకరు వచ్చింది, పైపు వేయడానికి మూత తీశారు, ట్యాంకరు వెళ్ళిపోయాక మూత సగమే జరిపారు. బయటికి తీసినప్పుడు గుండె కొట్టుకుంటోందో లేదో ఎవరూ చూడలేదు. ఒకాయన కాళ్ళు పట్టుకుని తలకిందులుగా గిరగిరా తిప్పాడు. ఇంకొకరు పొట్ట మీద నొక్కారు. నీళ్ళు బయటికి వస్తుంటే అందరూ "వస్తున్నాయి, వస్తున్నాయి" అని సంతోషించారు. అలా పది నిమిషాలు పోయాయి. తొమ్మిదేళ్ళయింది. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

మత్తు డాక్టరు | రాత్రి 10:31

భారతి గారూ, మీ మాట శిరసావహిస్తాను. "నిద్రపోండి" అన్నది నీళ్ళలో ఏ ఇబ్బందీ పడని పిల్లల గురించి. నీటి కింద ఉక్కిరిబిక్కిరి అయి, ఎవరో ఒకరు బయటికి లాగవలసి వచ్చిన పిల్లవాడి గురించి కాదు. ఆ తేడా నేను ఇంకా గట్టిగా చెప్పి ఉండాల్సింది.

కానీ తప్పుడు భయం కూడా పిల్లలకు చేటే. 2017 జూన్‌లో అమెరికాలోని టెక్సాస్‌లో ఒక నాలుగేళ్ళ బాబు నీళ్ళలో ఆడుకున్న కొన్ని రోజుల తర్వాత చనిపోతే "పొడి మునక" అని ప్రపంచమంతా వార్తలు వచ్చాయి. తర్వాత శవపరీక్షలో తేలింది గుండె కండరాల వాపు. అప్పటికే ఆ సందేశం ఊళ్ళు దాటిపోయింది, దిద్దుబాటు మాత్రం ఎవరికీ చేరలేదు. వాంతులతో, ఆయాసంతో ఉన్న పిల్లవాడిని చూసి "మొన్న ఈతకు వెళ్ళాడు, అందుకే" అనుకుని అసలు జబ్బును వదిలేస్తే ఎంత ప్రమాదం!

ఇంకొక లెక్క చెబుతాను, అది నన్ను ఎప్పుడూ నిలబెడుతుంది. బ్రెజిల్‌లో సముద్ర తీరపు రక్షకులు బయటికి తీసిన 1,831 మంది వివరాలు పరిశీలించి 1997లో ప్రచురించారు. దగ్గు ఉన్నా ఛాతీ శబ్దం శుభ్రంగా ఉన్నవారిలో ఒక్కరూ చనిపోలేదు. ఛాతీలో కొద్దిగా చెమ్మ శబ్దం విన్నవారిలో చనిపోయింది నూటికి ఒకరి కంటే తక్కువే. నోటి నుంచి నురగ వచ్చే దశకు చేరితే నూటికి ఐదుగురు. ఊపిరి, గుండె రెండూ ఆగిపోయినవారిలో నూటికి తొంభై మందికి పైగా. ఒక మెట్టు నుంచి తర్వాతి మెట్టుకు ఎంత తేడా ఉందో చూడండి. సంధ్య గారు పొద్దుటి వరకు ఆగకుండా రాత్రి 8:51కి బయలుదేరడం విలువ ఇదే.

వార్డు సిస్టర్ | రాత్రి 10:48

భారతి అక్కా, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా వార్డుకు వచ్చే మునిగిన పిల్లల్లో చాలామందిని ఇంకా తలకిందులు చేసి తిప్పే తెస్తున్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. పొట్ట నొక్కితే వచ్చేది కడుపులోని నీరు, ఊపిరితిత్తుల్లోనిది కాదు. కడుపులోది పైకి వచ్చి మళ్ళీ గొంతులో పొలమారుతుంది, ఉన్న ఊపిరికీ అడ్డం పడుతుంది.

పిలిస్తే పలకక, ఊపిరి లేకుండా ఉంటే గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం కొద్దిగా పైకెత్తి, ముక్కు మూసి, నోటిలోకి ముందు ఊపిరి ఊదాలి. ఛాతీ లేవాలి. మునిగిన పిల్లలకు కావలసింది మొదట ఊపిరే, అందుకే ఇక్కడ వట్టి ఛాతీ నొక్కడం సరిపోదు. తర్వాత ఛాతీ మధ్యలో అరచేతి మడమతో ఛాతీ మందంలో మూడో వంతు దిగేలా 30 నొక్కులు, 2 ఊపిర్లు, మళ్ళీ 30, మళ్ళీ 2. నిమిషానికి 100 నుంచి 120 నొక్కుల వేగం. ఇంకొకరు 108కు ఫోను చేయాలి. పిల్లవాడు తేరుకున్నా సరే, ఊపిరి ఊదవలసి వచ్చిందంటే ఆసుపత్రికి వెళ్ళి తీరాలి. చదివితే రాదు ఇది, బొమ్మ మీద చేసి నేర్చుకోవాలి.

ఉప్పల్ లక్ష్మి | రాత్రి 11:02

సిస్టర్ గారూ, ఒక సందేహం. నేను బడిలో తెలుగు చెబుతాను, అందుకే ఆ మాట దగ్గర ఆగిపోయాను. "నీళ్ళు మింగాడు అనకండి" అన్నారు. మనమంతా అలాగే అంటాం కదా. తేడా ఏమిటి?

వార్డు సిస్టర్ | రాత్రి 11:15

చాలా తేడా ఉంది లక్ష్మి గారూ. మింగిన నీరు పొట్టలోకి పోతుంది. ఒకటి రెండు గుక్కలైతే మూత్రంలో పోతుంది, ఎక్కువైతే వాంతి అవుతుంది. నెలల పిల్లలు మరీ ఎక్కువ మింగితే రక్తంలో ఉప్పు పలచబడి మగత, మూర్ఛ కూడా వస్తాయి, అందుకే అంత చిన్నవాళ్ళను నీళ్ళలో ముంచి తేల్చవద్దంటాం. పీల్చిన నీరు వేరు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. "నీళ్ళు మింగాడు" అంటే వినే డాక్టరు పొట్ట గురించి ఆలోచిస్తాడు. అది శనివారం రాత్రి, ముందు ఇరవై మంది జ్వరాల పిల్లలు ఉంటే మన పిల్లవాడు ఇరవై ఒకటో వాడవుతాడు. "మునిగాడు" అంటే ముందుకు తీసుకుంటారు.

మనకు ఇంకొక చిక్కు ఉంది. తెలుగులో "మునిగిపోయాడు" అంటే పోయాడనే అర్థం. అందుకే బతికి ఉన్న బిడ్డ గురించి ఆ మాట అనడానికి తల్లికి నోరు రాదు. అపశకునం అనిపిస్తుంది. చిన్న మాటగా మార్చి "మింగాడు" అంటుంది.

ఉప్పల్ లక్ష్మి | రాత్రి 11:21

"పొలమారింది" అనవచ్చు కదా. అన్నం తింటూ పొలమారితే ఎవరో తలచుకుంటున్నారని నెత్తిన తట్టి ఊరుకుంటాం, కానీ ఆ మాటకు అర్థం అదే, తప్పు దారిన పోవడం. "నీళ్ళలో పొలమారింది, దగ్గు ఆగడం లేదు" అంటే ఏ అమ్మమ్మకైనా తెలుస్తుంది.

మియాపూర్ సంధ్య | ఆదివారం, రాత్రి 1:26

ఐసీయూలో పెట్టారు. ముక్కు దగ్గర గొట్టంతో వేగంగా ఆక్సిజన్ ఇస్తున్నారు. 95 ఉంది. నిద్రపోతున్నాడు. ఇప్పుడు నిద్రపోనివ్వవచ్చన్నారు.

కొండాపూర్ కిరణ్ | ఆదివారం, రాత్రి 1:31

మేము ఇద్దరమూ ఇంకా మేలుకునే ఉన్నాం, మీ కబురు కోసమే.

ఈత మాస్టారు | ఆదివారం, ఉదయం 6:50

సికింద్రాబాద్ వైపు 22 ఏళ్ళుగా పిల్లలకు ఈత నేర్పుతున్నాను. పొద్దుటి బ్యాచ్ అయ్యాక ఇదంతా చదివాను. సంధ్య గారు రాసిన ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "అరవలేదు, చెయ్యి ఊపలేదు." మునిగే పిల్లవాడు అరవడు అమ్మా. అరవాలంటే ముందు ఊపిరి తీసుకోవాలి, దానికే అతనికి వీలు లేదు. చేతులు ఊపడు, పక్కలకు చాచి నీటిని కిందికి నొక్కుతాడు. నిలువుగా ఉంటాడు, కాళ్ళు ఆడవు, కనిపించని నిచ్చెన ఎక్కుతున్నట్టు ఉంటాడు. తల వెనక్కి వాలుతుంది, కళ్ళు గాజు కళ్ళలా ఉంటాయి. ఇరవై సెకన్ల నుంచి నిమిషం వరకే ఆ స్థితి, తర్వాత కిందికి పోతాడు. పదిహేను మంది పిల్లలు కేరింతలు కొడుతుంటే మౌనంగా ఉన్న ఒక్కరినే చూడాలి. తప్పు సంధ్య గారిది కాదు, ఇది ఎవరూ మనకు నేర్పలేదు.

చేతులకు తొడిగే గాలి బుడగలను నేను లోపలికి రానివ్వను. వాటితో పిల్లలు నీళ్ళలో నిలువుగా వేలాడటం నేర్చుకుంటారు, మునిగేవాడి భంగిమ అదే. పైగా తల్లిదండ్రులకు ధైర్యం వచ్చి ఫోను తీస్తారు. ఈత దుస్తులు లేత నీలం, తెలుపు కొనవద్దు, నీటి కింద కనిపించరు. నారింజ, ముదురు గులాబీ, చిలకాకుపచ్చ కొనండి. పెద్ద పిల్లలు ఎవరు ఎక్కువసేపు నీటి కింద ఉంటారో చూద్దామని గబగబా ఊపిరి తీసి మునుగుతారు. ఆ పందెం కనిపిస్తే వెంటనే ఆపించండి. అలా ఊపిరి తీస్తే గాలి ఆడటం లేదన్న హెచ్చరిక శరీరానికి అందదు, బాగా ఈత వచ్చిన పిల్లలే స్పృహ తప్పి అడుగుకు చేరతారు.

ఒక సంగతి ఒప్పుకోవాలి. మొదటి అయిదారేళ్ళు, నా దగ్గర పిల్లవాడికి నీళ్ళు పొలమారితే తల్లిదండ్రులకు చెప్పేవాడిని కాదు. శిబిరం మాన్పిస్తారని భయం. ఒక పాప రాత్రి ఆసుపత్రిలో చేరింది, బతికింది. ఈతకు వెళ్ళి వచ్చిందని వాళ్ళకు తెలుసు, మునిగిందని తెలియదు. డాక్టరు ఉబ్బసం అనుకుని సగం రాత్రి గడిపారు. ఆ తర్వాత నేను ఒక్కటీ దాచలేదు. ఇప్పుడు ఎవరికి పొలమారినా ఆ రోజుకు నీళ్ళలోకి దించను, గట్టు మీద కూర్చోబెడతాను, తీసుకుపోవడానికి వచ్చినవారికి సమయంతో సహా చెబుతాను. మీ పిల్లల శిక్షకుడిని రోజూ ఒక్క ప్రశ్న అడగండి, "ఇవాళ ఏమైనా అయిందా?" అని. అడిగేవారు ఉన్నారని తెలిస్తే చెబుతారు.

నిజాంపేట రఘు | ఆదివారం, ఉదయం 9:14

మా అపార్ట్‌మెంట్ సంఘంలో నేను సభ్యుడిని. రాత్రి ఇది చదివి పొద్దున్నే వెళ్ళి మా పూల్ చూసి వచ్చాను. పిల్లల వైపు రెండు అడుగులు, పెద్దల వైపు నాలుగున్నర. మధ్యలో తాడు ఉండాలి, తెగి ఏడాది అయింది. రక్షకుడు అని జీతం ఇస్తున్న మనిషే క్లోరిన్ వేస్తాడు, మోటారు చూస్తాడు, సాయంత్రం గేటు దగ్గర పార్సిళ్ళు తీసుకుంటాడు. అతనికి ఈత వచ్చా అని అడిగాను. కొద్దిగా వచ్చు సార్ అన్నాడు. సిగ్గుతో తల దించుకున్నది నేను.

ఈ సాయంత్రం సమావేశం పెట్టాం. తాడు రేపే కడుతున్నాం. రక్షకుడు నీటి దగ్గర లేకపోతే గేటు తాళం తీయరు. ఇంకా ఏం చేయాలో మాస్టారు చెప్పాలి.

ఈత మాస్టారు | ఆదివారం, ఉదయం 11:30

పుట్టినరోజులప్పుడు గట్టు మీద ఇరవై మంది పెద్దలు ఉంటారు, ప్రతి ఒక్కరూ ఇంకొకరు చూస్తున్నారనుకుంటారు. అందుకే ఒకరికి అప్పగించండి. మెడలో ఏదైనా గుర్తు వేయండి, పదిహేను నిమిషాలు ఆ మనిషి నీళ్ళనే చూడాలి. ఫోను లేదు, కబుర్లు లేవు, కేకు లేదు. తర్వాత గుర్తు ఇంకొకరి మెడలోకి. ఇదే మాట మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు ఫామ్‌హౌసులకు వెళ్ళేవారికీ చెబుతున్నాను. అక్కడ రక్షకుడు అసలు ఉండకపోవచ్చు, దగ్గరలో పెద్ద ఆసుపత్రీ ఉండదు.

నాచారం భారతి | ఆదివారం, మధ్యాహ్నం 12:10

రఘు గారూ, పూల్ గేటుకు తాళం వేసేటప్పుడు సంపు మూత కూడా చూడండి. మా ఇంట్లో తాళం వేసే ఇనుప మూత పెట్టించాం. ట్యాంకరు వచ్చిన రోజు తాళం చెవి నా దగ్గరే ఉంటుంది, పైపు తీసేవరకు నేను అక్కడే నిలబడతాను. చిన్నపిల్లలున్న ఇంట్లో బకెట్లు రాత్రి నింపి ఉంచకండి, తల కిందుగా పడితే బకెట్ కూడా సరిపోతుంది.

మత్తు డాక్టరు | ఆదివారం, సాయంత్రం 4:45

భారతి గారు సరైన చోట వేలు పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 2021లో నీట మునిగి దాదాపు 3 లక్షల మంది చనిపోయారు, వారిలో నాలుగో వంతు దగ్గర అయిదేళ్ళలోపు పిల్లలే. వీరిలో చాలామందికి గంటల తర్వాత వచ్చే లక్షణాలను కనిపెట్టే అవకాశమే రాదు. గట్టు మీది ఆ ఒక్క నిమిషంలోనే అంతా అయిపోతుంది. ఆలస్యంగా ముదిరే పిల్లల గురించి మనం జాగ్రత్తపడాలి, కానీ మన భయంలో పెద్ద వాటా ఆ నిమిషానికే కేటాయించాలి.

కొండాపూర్ కిరణ్ | ఆదివారం, రాత్రి 10:20

నిద్రపోతున్న పిల్లల ఊపిరి లెక్కపెట్టాను. పెద్దదానికి 20, చిన్నదానికి 23. ఎంతవరకు మామూలు? ఆక్సీమీటరు మీద ఎంత వరకు నమ్మకం పెట్టుకోవచ్చు? ఇంకొకటి, రాత్రిపూట ఎక్కడికి వెళ్ళాలి?

వార్డు సిస్టర్ | ఆదివారం, రాత్రి 10:52

అయిదేళ్ళలోపు పిల్లలు విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 40 దాటితే ఎగశ్వాస అంటాం, ఏడాది లోపు పసివాళ్ళకు 50. మీ పిల్లలవి చక్కగా ఉన్నాయి. ఏడుస్తున్నప్పుడు, జ్వరంలో లెక్క పెరుగుతుంది, అందుకే ఒళ్ళో నెమ్మదిగా ఉన్నప్పుడు చూడాలి. ఆక్సీమీటరు తక్కువ చూపిస్తే నమ్మి బయలుదేరండి. బాగా చూపిస్తే మాత్రం దాన్ని పట్టుకుని ఇంట్లో ఉండిపోకండి, ఊపిరి వేగంగా ఉంటే 97 ఉన్నా చూపించాలి. చల్లటి వేళ్ళు, గోళ్ళ రంగు, కదలిక అన్నీ దాన్ని తప్పుదారి పట్టిస్తాయి.

ప్రభుత్వ వైద్యమైతే రెడ్‌హిల్స్‌లో నిలోఫర్ పిల్లల ఆసుపత్రి ఉంది. కానీ మియాపూర్ నుంచి, కొండాపూర్ నుంచి అది దూరం. ఆయాసపడే బిడ్డతో ఊరు దాటడం కన్నా దగ్గరలో పిల్లల ఐసీయూ ఉన్న చోటు ఏదో ఇవాళే కనుక్కుని పెట్టుకోండి. రాత్రి పిల్లల డాక్టరు ఉంటారా అని ఫోను చేసి అడగండి. ఆ నంబరు ఫ్రిజ్ మీద అంటించండి.

మియాపూర్ సంధ్య | బుధవారం, ఉదయం 11:05

నిన్న సాయంత్రం ఇంటికి వచ్చాం. మొదట సిస్టర్ గారికి నమస్కారం. ఏమని రాయాలో తెలియడం లేదు.

ఆ రాత్రి ఆసుపత్రి బల్ల దగ్గర నా నోట మొదట వచ్చింది "నీళ్ళు మింగాడండీ" అనే. రాసుకునే అమ్మాయి తల ఎత్తలేదు, కూర్చోమంది. అప్పుడు మీ మాట గుర్తొచ్చింది. "నీట మునిగాడు, ఐదున్నరకు, ఊపిరి 52, ఆక్సిజన్ 90" అన్నాను. ఆ అమ్మాయి కుర్చీ వెనక్కి తోసి లేచింది. రెండు నిమిషాల్లో బాబు ముఖానికి ఆక్సిజన్ ఉంది. ఎక్స్‌రేలో కుడి వైపు కింద మబ్బు పట్టినట్టు ఉందన్నారు. కొందరికి మొదట ఎక్స్‌రే శుభ్రంగానే ఉండి తర్వాత మారుతుందట, అందుకే దాన్ని ఒక్కదాన్నే నమ్మరట.

యాంటీబయాటిక్ ఎందుకు ఇవ్వడం లేదని నేను గట్టిగానే అడిగాను. క్లోరిన్ నీళ్ళు పీల్చినందుకు సూక్ష్మజీవుల మందు ముందే ఇస్తే లాభం లేదని, జ్వరం వచ్చి న్యుమోనియా గుర్తులు కనిపిస్తే అప్పుడు ఇస్తామని డాక్టరమ్మ ఓపికగా చెప్పారు. స్టెరాయిడ్ కూడా ఇవ్వలేదు. ఇచ్చిందల్లా ఆక్సిజన్, కనిపెట్టి చూడటం. తిత్తుల్లోని పూత మళ్ళీ ఊరడానికి సమయం కావాలి, ఆ సమయం వరకు మేము ఊపిరి అందిస్తాం అన్నారు. ఆదివారం సాయంత్రానికి ఆక్సిజన్ తగ్గించారు, సోమవారం పొద్దున తీసేశారు. మంగళవారం వరకు గమనించి పంపారు. వారం తర్వాత మళ్ళీ చూపించాలి.

అత్తయ్య గారు ఆ రెండు రాత్రులూ ఐసీయూ బయటి బల్ల మీదనే కూర్చున్నారు. ఇంటికి వెళ్ళమంటే వెళ్ళలేదు. "నేను పడుకోనివ్వమన్నాను" అని అదే మాట. ఆవిడ నలుగురు పిల్లలను పెంచారు, అలసిన పిల్లవాడిని పడుకోబెట్టడం తప్ప వేరే తెలియదు. నేనూ కేకు వైపు తిరిగినదాన్నే. ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని కూర్చున్నాం.

బాబును తీసిన అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. నిన్న వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు, లోపలికి రావడానికి మొహమాటపడ్డాడు. బాబు వాడి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చి తన కార్లన్నీ చూపించాడు. తర్వాత, మళ్ళీ ఎప్పుడు నీళ్ళలోకి వెళ్దాం అన్నా అని అడిగాడు. నాకు గుండె ఆగినంత పనైంది. డాక్టరమ్మను అడిగితే పూర్తిగా తగ్గాక పంపండి, ఈత రాకపోవడమే ఎక్కువ ప్రమాదం అన్నారు.

మాస్టారు గారూ, నాకు 34 ఏళ్ళు. నాకు ఈత రాదు. ఆ రోజు పక్క ఫ్లాటు అబ్బాయి లేకపోతే నేను దూకేదాన్నే, దూకి ఏం చేసేదాన్నో తెలియదు. మీ దగ్గర పెద్దవాళ్ళకు నేర్పుతారా?

ఈత మాస్టారు | బుధవారం, మధ్యాహ్నం 2:15

నేర్పుతాను తల్లీ. ఉదయం ఆరు గంటలకు ఆడవాళ్ళ బ్యాచ్ ఉంది, యాభై దాటినవారు కూడా వస్తున్నారు. మియాపూర్ నుంచి మా దగ్గరికి దూరమవుతుంది, మీ వైపు నేర్పే ఒక అమ్మాయి నా శిష్యురాలే, ఆమెతో మాట్లాడి చెబుతాను. బాబుకు తగ్గాక వాడినీ తీసుకురండి. మొదటి వారం ఇద్దరూ మెట్ల దగ్గరే కూర్చుని నీటిలో ఊపిరి వదలడం నేర్చుకోవచ్చు.

నాచారం భారతి | బుధవారం, మధ్యాహ్నం 2:40

ఆ శిష్యురాలి వివరాలు నాకూ పంపండి మాస్టారు గారూ. మా చెల్లెలికి చూపిస్తాను. వస్తుందో రాదో తెలియదు, అడుగుతాను.